సమ ఉజ్జీలూ కావాలి, మనవాళ్లూ కావాలి

వేరుశనగ పనులు ముగిసి కళ్లాలు సర్దుకున్నాక, సంక్రాంతి మొదలు ఎండాకాలం జాతరల దాకా మన కొత్తచెరువు, బుక్కపట్నం, పుట్టపర్తి, పెనుకొండ ప్రాంతాల్లో ఆటల కాలం. ఒక ఊళ్లో కబడ్డీ, ఇంకో ఊళ్లో వాలీబాల్, మరో చోట బండలాగుడు. కరపత్రాలు పడతాయి, మైకు మోగుతుంది, బహుమతులిచ్చే దాతల పేర్లు ఫ్లెక్సీ మీదకెక్కుతాయి. వీటితోపాటే ఒక పాత పేచీ కూడా వస్తుంది. ఫలానా జట్టు డబ్బులిచ్చి బయటి ఆటగాళ్లను దింపిందని, ఫలానా ఊరు తమ కుర్రాళ్లను పక్కన కూర్చోబెట్టి కప్పు కొనుక్కుందని, నిన్నటిదాకా లేని నియమం ఈరోజు ఎక్కణ్నించి వచ్చిందని. పేచీ ముదిరితే ఆట ఆగుతుంది, జనం విసుగెత్తి ఇళ్లకు పోతారు. ఈ పేచీని పెద్దమనుషుల మధ్యవర్తిత్వంతో సర్దేస్తే చాలదని, దీని వేరు నియమాల్లోనే ఉందని ఈరోజు నా వాదన. ఆట చూడ్డానికి వచ్చినవాడికి రెండు కోరికలుంటాయి. ఎవరు గెలుస్తారో చివరిదాకా తేలకూడదు, ఇది మొదటిది. ఆడుతున్నవాళ్లు మనవాళ్లు అనిపించాలి, ఇది రెండోది. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డు తగులుతాయి. జట్లను సమం చెయ్యాలంటే ఆటగాళ్లను అటూ ఇటూ మార్చాలి, మనవాళ్లు అనిపించాలంటే వాళ్లను కదపకుండా ఉంచాలి. ఏది మంచి నియమమో తేల్చడానికి నా దగ్గరున్న గీటురాయి ఇదే: బలవంతుడి దూకుడుకు అది హద్దు పెట్టాలి, కానీ ఆటగాణ్ని తయారుచేసినవాడి కష్టాన్ని మాత్రం లాక్కోకూడదు.

ముందు మన సీమలో అందరికీ తెలిసిన బండలాగుడునే చూద్దాం. ఇందులో జట్టంటే రెండు ఎద్దులే. పోటీకి వచ్చిన జతలన్నిటినీ కలిపి ఒకేసారి తేల్చెయ్యరు. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆపైన సీనియర్లు అని విభాగాలు పెడతారు. బరిలోకి దిగేముందు ఎద్దు మూతి పట్టి కింది పెదవి వంచి చూస్తారు. పశువుకు ముందరి పళ్లు కింది దవడకే ఉంటాయి. రెండేళ్లు దాటాక పాలపళ్లలో నడిమి రెండూ ఊడి వాటి చోట వెడల్పాటి పళ్లు రెండు వస్తాయి, తర్వాత ఏటేటా జత జతగా మిగిలినవి మారతాయి. కాబట్టి యజమాని నోటి మాటతో పని లేదు, వయసు ఎద్దు నోట్లోనే రాసి ఉంది. విభాగానికి తగ్గ బండ, అందరికీ ఒకే గడువు, ఆ గడువులో లాగిన దూరం అడుగుల్లో లెక్క. ఈ ఏర్పాటులోని గొప్పతనం గమనించండి. లేత గిత్తల జతను ముదురు ఎద్దుల జత మీదకు తోలరు. అలాగని ఎద్దును బాగా మేపి, బాగా సాకి, ఈడూ జోడూ కుదిర్చినవాడికి శిక్షా లేదు. పళ్ల లెక్క వయసును మాత్రమే సమం చేస్తుంది, పెంపకంలోని తేడా మిగిలే ఉంటుంది, గెలుపు ఆ తేడాకే దక్కుతుంది. మూగజీవాలను పోటీలో పెట్టడం తగునా, ములుకోల వాడకానికి హద్దెక్కడ అన్నది వేరే ప్రశ్న. 2014లో సుప్రీంకోర్టు జల్లికట్టు, ఎడ్లబండి పందేల మీద తీర్పు చెప్పినప్పుడు ఆ ప్రశ్న దేశమంతా చర్చకు వచ్చింది. దాన్ని నేను తక్కువ చెయ్యడం లేదు. ఇక్కడ తీసుకుంటున్నది విభాగాలు పెట్టే పద్ధతిని మాత్రమే.

ఇదే సమస్యను సముద్రాల అవతల బ్రిటన్‌లో ఒక మోటారు ఆట ఇంకో దారిలో పరిష్కరించబోయింది. దాని పేరు స్పీడ్‌వే. మట్టి పరిచిన గుండ్రటి ట్రాకు మీద, బ్రేకులు లేని, ఒకే గేరున్న, మిథనాల్‌తో నడిచే 500 సీసీ బైకుల మీద నలుగురు నాలుగు చుట్లు తిరుగుతారు. మలుపులో వెనక చక్రం పక్కకు జారుతుండగా ఎడమకాలు నేలకానించి బండిని తిప్పుతారు. ఒక్కో రేసును హీట్ అంటారు, నిమిషంలో అయిపోతుంది. నలుగురిలో ఇద్దరు ఒక జట్టు, ఇద్దరు రెండో జట్టు. వరుసగా మూడు, రెండు, ఒకటి, సున్నా పాయింట్లు. సొంత జట్టువాడి వెనకే, ప్రత్యర్థికి ముందు గీత దాటినవాడికి బోనస్ పాయింటు కూడా ఉంది. అది జట్టు స్కోరులో కలవదు, అతని ఖాతాలో పడుతుంది. తోటివాణ్ని ఓడించి ముందుకు దూకాలన్న ఆశ లేకుండా ఇద్దరూ కలిసి నడిచేలా చేసే నియమమది. 1928లో లండన్ శివారు హై బీచ్‌లో జరిగిన పోటీతో ఈ ఆట అక్కడ జనంలోకి వెళ్లింది, మరుసటి ఏడాదికే లీగులు మొదలయ్యాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి రోజుల్లో వెంబ్లీ స్టేడియంలో ఈ రేసులకు వేలకు వేలు జనం వచ్చేవారు. టికెట్ డబ్బు మీద బతికే ఆటకు ఏకపక్షపు పోటీ ప్రాణాంతకం. అందుకే అక్కడి క్లబ్బుల యజమానులు ఒక లెక్క పెట్టుకున్నారు. ప్రతి రైడర్‌కూ ఒక సగటు ఉంటుంది, అంటే నాలుగు రేసులకు అతను తెచ్చే పాయింట్లు. అన్ని రేసులూ గెలిచేవాడి సగటు పన్నెండు. జట్టులోని వాళ్లందరి సగటులూ కలిపితే ఒక హద్దు దాటకూడదు. ఆ హద్దెంతో సీజన్‌కు ముందు యజమానుల సమావేశంలో నిర్ణయిస్తారు. ఒక మొనగాణ్ని తీసుకుంటే మిగిలిన చోట్ల తక్కువ సగటు వాళ్లతో సర్దుకోవాల్సిందే.

వినడానికి ఈ లెక్క న్యాయంగానే ఉంది. డబ్బున్న క్లబ్బు మొనగాళ్లందర్నీ మూటగట్టుకోలేదు. చిన్న ఊరి క్లబ్బుకూ ఆశ మిగులుతుంది. కానీ ఇంతకుముందు చెప్పిన గీటురాయి మీద గీసి చూడండి. ఒక క్లబ్బు మూడు సగటు ఉన్న కుర్రాణ్ని తెచ్చి, బండి సర్దిపెట్టి, మెళకువలు నేర్పి, ఏడాది తిరిగేసరికి ఆరు సగటు వాడిగా తయారుచేసిందనుకుందాం. మరుసటి సీజన్‌కు అతని ఆరూ జట్టు మొత్తంలో కలుస్తుంది. ఇలాంటి కుర్రాళ్లు ఇద్దరుంటే చాలు, హద్దు దాటిపోతుంది, ఎవరో ఒకర్ని వదులుకోవాలి. కప్పు గెలిచిన జట్టు సంగతి మరీ చిత్రం. గెలిచిందంటేనే సగటులు పెరిగాయని అర్థం, పెరిగాయంటే విడిపోక తప్పదని అర్థం. మరోవైపు, అసలు సత్తా కంటే తక్కువ సగటు రాసి ఉన్న రైడర్‌కు ఎక్కడలేని గిరాకీ వస్తుంది. ఏటా జట్టు కట్టడమంటే మంచి ఆటగాణ్ని వెతకడం పోయి, కాగితం మీద బరువు తక్కువున్నవాణ్ని వెతకడంగా మారుతుంది. అభిమానికి మొదటి కోరిక తీరింది, పోటీ సమంగానే ఉంది. రెండో కోరిక గాలికి పోయింది, పోయినేడు తాను చప్పట్లు కొట్టినవాడు ఈ ఏడు ఎదుటి జట్టు చొక్కా వేసుకున్నాడు. ఆ లీగులు తర్వాతి కాలంలో దేశీయ కుర్రాళ్లకు జట్టులో ప్రత్యేకంగా చోటు కేటాయించడం మొదలుపెట్టాయి. అదే ఈ లోటుకు సాక్ష్యం.

ఇప్పుడు మన కబడ్డీకి వద్దాం. ప్రో కబడ్డీ లీగ్ 2014 జూలైలో ఎనిమిది జట్లతో మొదలైంది, 2017లో పన్నెండు జట్లయింది. ఇక్కడి హద్దు పాయింట్ల సగటు మీద పెట్టలేదు, ఖర్చు మీద పెట్టారు. ఆటగాళ్ల కోసం ప్రతి జట్టూ ఇంతకు మించి ఖర్చు చెయ్యకూడదన్నది నియమం. 2023లో ఆ పరిమితిని 4 కోట్ల 40 లక్షల నుంచి 5 కోట్లకు పెంచారు. ఆ ఏడు వేలంలో మన తెలుగు టైటన్స్ పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేలకు తీసుకుంది. అప్పటికి లీగులో అదే రికార్డు ధర. అంటే ఖర్చు పరిమితిలో సగానికి పైగా ఒక్క మనిషి మీదే. అంతకుముందు 2021-22 సీజన్‌లో టైటన్స్ 22 మ్యాచ్‌లాడి ఒక్కటే గెలిచింది, ఆ తర్వాతి సీజన్‌లో రెండు గెలిచింది. కోట్లు పోసి మేటి ఆటగాణ్ని తెచ్చుకున్న సీజన్‌లోనూ గెలిచినవి రెండే. పవన్ ఆడక కాదు. కూతకు వెళ్లి పాయింట్లు తెచ్చేవాళ్లలో అతను ముందు వరుసలోనే ఉన్నాడు. ఇలా జరగడం కొత్తా కాదు. 2018 వేలంలో అందరికంటే ఎక్కువగా 1 కోటి 51 లక్షలు పెట్టి మోనూ గోయత్‌ను కొన్న హర్యానా స్టీలర్స్ ప్లేఆఫ్స్‌కు రాలేదు. 2019లో 1 కోటి 45 లక్షలకు సిద్ధార్థ్ దేశాయ్‌ను తెచ్చుకున్న టైటన్సూ రాలేదు.

ఎందుకిలా అన్నది తెలియాలంటే కబడ్డీ కోర్టును దగ్గర్నుంచి చూడాలి. మొనగాడు కూతకు వెళ్లాడు. ఎదుటివైపు ఏడుగురూ నిండుగా ఉన్నారు. ఎడమ కార్నర్‌లో ఉన్నవాడు మడమ అందుకున్నాడు, కవర్‌లో ఉన్న ఇద్దరూ మీదపడ్డారు, గీత అందలేదు. మొనగాడు ఔటై బయటికొచ్చి కూర్చున్నాడు. క్రికెట్‌లోలాగా అతని పని అయిపోలేదు, కానీ మళ్లీ లోపలికి రావడం అతని చేతుల్లో లేదు. తన జట్టులో మిగిలిన ఆరుగురిలో ఎవరో ఒకరు అవతలివాణ్ని పట్టాలి, లేదా కూతకెళ్లి తాకి రావాలి. అప్పుడే ఔటైన వరుసలో అతనికి మళ్లీ పిలుపొస్తుంది. పట్టేవాళ్లు బలహీనమైతే రెండున్నర కోట్ల ఆటగాడు నిమిషాల తరబడి బెంచీ మీద కూర్చుని చూడాల్సిందే. కబడ్డీలో మొనగాడు ఎంతసేపు కోర్టులో ఉంటాడో నిర్ణయించేది తక్కువ జీతానికి ఆడే కార్నరూ, కవరూ. ఈ లెక్క వేలంపాటలో కనిపించదు, మ్యాచ్‌లో తప్పించుకోలేం. జట్టును కట్టడమంటే ఎక్కువ ధర పలికేవాణ్ని తేవడం కాదని ఆట నిర్మాణమే చెబుతోంది.

మీరు అడగొచ్చు, అదే వేలంలో పుణేరి పల్టన్ కూడా ఇరాన్ ఆటగాడు మొహమ్మద్ రెజా షాద్‌లూ మీద 2 కోట్ల 35 లక్షలు పెట్టింది కదా, మరి ఆ సీజన్ కప్పు వాళ్లెలా గెలిచారు అని. సరైన ప్రశ్న. తేడా ధరలో లేదు, మిగిలిన జట్టులో ఉంది. అస్లాం ఇనాందార్, మోహిత్ గోయత్ లాంటి కుర్రాళ్లను పుణే ముందే తెచ్చుకుని, ఓర్పుగా ఆడించి, అట్టిపెట్టుకుంది. లీగు నియమాల్లో కొత్త కుర్రాళ్లను వేలానికి పంపకుండా ఒక నిర్ణీత జీతానికి కొనసాగించుకునే వీలుంది. 2022 డిసెంబర్ ఫైనల్లో జైపూర్ చేతిలో ఓడాక కూడా పుణే జట్టును చెదరగొట్టలేదు. అదే గుంపు మీద ఒక గట్టి డిఫెండర్‌ను చేర్చింది. 2024 మార్చి 1న హైదరాబాద్ గచ్చిబౌలిలో జరిగిన ఫైనల్లో హర్యానాను 28-25 స్కోరుతో ఓడించి కప్పు ఎత్తుకుంది. ఖర్చు హద్దు పుణేకూ టైటన్స్‌కూ ఒకటే, వేలమూ ఒకటే. ఒకరు పెంచుకున్నదాని మీద కొన్నారు, ఇంకొకరు ఖాళీ మీద కొన్నారు. స్పీడ్‌వే లెక్కకూ దీనికీ ఉన్న తేడా ఇక్కడే తెలుస్తుంది. అక్కడ పెంచిన కుర్రాడు క్లబ్బుకు బరువవుతాడు, ఇక్కడ పెంచిన కుర్రాడు క్లబ్బుకు ఆస్తి అవుతాడు. తర్వాత టైటన్స్ కథ కూడా ఈ మాటనే బలపరుస్తోంది. 2024లో కృషన్ కుమార్ హుడా శిక్షణలో, పవన్ గాయంతో కొన్ని మ్యాచ్‌లకు దూరమైనా, జట్టు 12 మ్యాచ్‌లు గెలిచింది. 2025లో పవన్ లేకుండానే, విజయ్ మలిక్ నాయకత్వంలో ప్లేఆఫ్స్‌కు చేరింది. శిక్షకుడి పాత్ర ఉంది, అదృష్టమూ ఉండొచ్చు. అయినా భారం నలుగురి మీద పంచినప్పుడే ఆ జట్టు లేచిందన్నది కాదనలేని మాట.

ఇక మనవాళ్లన్న భావన సంగతి. టైటన్స్‌లో తెలుగువాళ్లెంతమంది అని ఎత్తిపొడిచేవాళ్లు ఉన్నారు. ఆ ఎత్తిపొడుపులో న్యాయముంది, మన కుర్రాళ్లకు ఇంకా చోటు దక్కాలి. కానీ అభిమానం పుట్టిన ఊరిని బట్టే వస్తుందనుకోవడం సగం నిజమే. రాహుల్ చౌదరి ఉత్తరప్రదేశ్ కుర్రాడు. మొదటి ఆరు సీజన్లూ టైటన్స్‌కే ఆడాడు. ఆ ఆరు సీజన్లలో విశాఖలో, హైదరాబాద్‌లో అతని పేరు పలికినప్పుడు లేచిన కేకల్లో అతని ఊరు ఎవరికీ గుర్తు రాలేదు. మనవాడు కావడానికి మన ఊళ్లో పుట్టడం ఒక దారి, మనతో నిలిచి ఉండటం ఇంకో దారి. ఈ రెండూ లేనివాడే కిరాయి ఆటగాడు. బ్రిటన్ స్పీడ్‌వేలో మొనగాడు గాయపడితే ఆ ఒక్క పోటీకి వేరే క్లబ్బు నుంచి అతిథి రైడర్‌ను తెచ్చుకునే వీలుంది. ఒక రోజు పోటీని నిలబెట్టడానికి అది పనికొస్తుంది. కానీ వారం వారం అతిథులే కనిపిస్తుంటే, నిన్న మనల్ని ఓడించినవాడు ఇవాళ మన రంగు వేసుకుని వస్తే, గేటు దగ్గర టికెట్ కొన్నవాడు దేనికి చప్పట్లు కొడుతున్నట్టు? మన పల్లె టోర్నమెంట్లలో ఉదయం ఒక ఊరికి, సాయంత్రం ఇంకో ఊరికి ఆడే ఆటగాడి విషయంలోనూ ఇదే ప్రశ్న.

ఈ వాదనకు గట్టి అభ్యంతరం ఒకటుంది. బలమున్నవాడు గెలవనీ, నియమాలతో సమం చెయ్యడం ఎందుకు, అది కష్టపడ్డవాడి నోటి దగ్గర కూడు లాగడం కాదా అంటారు. ప్రో కబడ్డీలో పట్నా పైరేట్స్ 2016, 2017ల్లో వరసగా మూడు సీజన్లు కప్పు గెలిచింది. 2017 సీజన్‌లో ప్రదీప్ నర్వాల్ ఒక్కడే 369 రైడ్ పాయింట్లు తెచ్చాడు. ఆ ఆట చూడ్డం పండగే, దాన్ని ఏ నియమంతో తగ్గించినా నష్టమే. ఒప్పుకుంటాను. నేను అడుగుతున్నది కోర్టులో సత్తాకు హద్దు పెట్టమని కాదు, కోర్టు బయట డబ్బుకు హద్దు పెట్టమని. ఆటలో ప్రత్యర్థి లేకుండా విజేత ఉండడు. వ్యాపారంలో పోటీదారు మూతపడితే మనకు లాభం. ఆటలో ఎదుటి జట్టు మూతపడితే మన మ్యాచే ఉండదు. అందువల్ల బలవంతుడైన యజమాని కూడా తన మేలు కోసమే ఎదుటివాణ్ని బతకనివ్వాలి. ఖర్చు హద్దు ఆ పని చేస్తుంది. ప్రదీప్ నర్వాల్ మూడు వందల పాయింట్లు తెచ్చుకోకుండా అది ఆపలేదు. ఆపకూడదు కూడా.

రెండో అభ్యంతరం ఆట రక్తి కట్టడం గురించి. జనాన్ని రప్పించాలంటే ఏటా ఏదో ఒక కొత్త మలుపు పెట్టాలి, నియమాలు మారుస్తుంటేనే మజా అంటారు నిర్వాహకులు. స్పీడ్‌వే కొన్నేళ్లు ఒక ప్రయోగం చేసింది. బాగా వెనకబడ్డ జట్టు ఒక హీట్‌లో తన రైడర్‌ను రెట్టింపు పాయింట్లకు దింపవచ్చు. తేడా తగ్గుతుంది, చివరిదాకా ఉత్కంఠ ఉంటుంది. కానీ అందులో ఒక లొసుగుంది. ఆ రైడర్ మామూలుగా గెలిచే రేసునే గెలిచాడు, పని పెరగలేదు, కూలి రెట్టింపైంది. దీని పక్కన మన కబడ్డీలోని సూపర్ ట్యాకిల్ పెట్టి చూడండి. కోర్టులో ముగ్గురో అంతకంటే తక్కువో మిగిలినప్పుడు ఎదుటివాణ్ని పట్టుకుంటే ఒకటి కాదు, రెండు పాయింట్లు. ఇదీ వెనకబడ్డవాడికి ఆసరాయే. కానీ ఏడుగురు చుట్టుముట్టి పట్టే మనిషిని ఇద్దరు పట్టడం నిజంగానే కష్టమైన పని, ఆ కష్టానికే రెండో పాయింటు. అలాగే వరసగా రెండు కూతలు ఖాళీగా వస్తే మూడో కూతలో పాయింటు తేవాలి, లేకపోతే ఔట్. ఆధిక్యంలో ఉన్నవాడు కాలం గడిపేసే ఎత్తును అది కొట్టేస్తుంది. ఈ నియమాలు ఇద్దరికీ ఒకటే, అందరికీ ముందే తెలుసు, నైపుణ్యానికే ప్రతిఫలం ఇస్తాయి. జనాన్ని రప్పించే నియమాలు వద్దని నేననడం లేదు. కొత్త నియమం తెచ్చినప్పుడు ఒక్కటి అడిగి చూడండి: ఇది ఎక్కువ పనికి ఎక్కువ ఇస్తోందా, ఊరికే ఇస్తోందా? ఊరికే ఇచ్చేదాని మీద మోజు ఒక సీజన్‌కే.

నియమాలతోనే అంతా అయిపోతుందా అంటే కాదు. బ్రిటన్‌లో పేరున్న స్పీడ్‌వే ట్రాకులు ఒకదాని తర్వాత ఒకటి మూతపడ్డాయి. చాలాచోట్ల కారణం సగటుల లెక్క కాదు, నేల. స్టేడియం క్లబ్బుది కాదు, స్థలం యజమాని ఇళ్లు కట్టుకుంటానన్నాడు, ఆట వీధిన పడింది. ఇంకోవైపు మాంచెస్టర్‌లో 2016లో ఆ ఆట కోసమే నేషనల్ స్పీడ్‌వే స్టేడియం కట్టారు, బెల్ వ్యూ క్లబ్బుకు నీడ దొరికింది. మన దగ్గరా ఇదే పాఠం కళ్లెదుట ఉంది. 1969లో కరువు సీమలో పని మొదలుపెట్టిన విన్సెంట్ ఫెర్రర్ గారి గ్రామీణాభివృద్ధి సంస్థ ఆర్డీటీ అనంతపురంలో ఆటలకంటూ శాశ్వతంగా మైదానాలు ఏర్పాటు చేసింది. 2010లో అక్కడే రఫెల్ నదాల్ ఫౌండేషన్ పిల్లలకు చదువుతోపాటు టెన్నిస్ నేర్పే బడి పెట్టింది. 2024 సెప్టెంబర్‌లో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు అనంతపురం ఆర్డీటీ మైదానంలో జరిగాయి. వాన పడని నేల మీద కూడా ఆట మొలుస్తుందని అది చూపింది. అక్కడ కొనుక్కొచ్చిన మొనగాళ్లు లేరు, ఏళ్ల తరబడి నేల, శిక్షణ, పిల్లలు. నియమాలు ఆ పెంపకాన్ని కాపాడే కంచె మాత్రమే. కంచె లోపల పైరు మనమే వెయ్యాలి.

మరి మన కొత్తచెరువు మండలంలో, పక్క మండలాల్లో ఈ ఏడాది టోర్నమెంట్ పెట్టే కమిటీలు ఏం చెయ్యొచ్చు? కోట్ల లెక్కలు మనకు పనికిరావు, సగటుల లెక్క వెయ్యడానికి రికార్డులూ లేవు. కబడ్డీ జట్టుకు బయటి ఆటగాళ్లు ఇద్దరు దాటకూడదని కరపత్రంలోనే అచ్చువెయ్యండి. బయటివాడంటే ఎవరో కూడా అక్కడే చెప్పండి: ఆ ఊళ్లో ఇల్లు లేనివాడు, ఆ ఊరి బడిలోనో కాలేజీలోనో చదవనివాడు. ఆ ఊరివాడై బెంగళూరులో పని చేసుకుంటున్న కుర్రాడు ఊరివాడే. ఒకసారి ఒక జట్టుకు పేరిచ్చినవాడు ఆ టోర్నమెంటులో ఇంకో జట్టుకు ఆడకూడదు. ఆటకు ముందురోజు సాయంత్రానికి పేర్ల జాబితా ఇచ్చెయ్యాలి. ప్రో కబడ్డీలో పురుషులకు 85 కిలోల బరువు పరిమితి ఉంది. ఎడ్లకు పళ్లు చూసే ఊళ్లో మనుషులకు బరువు చూడకపోవడం వింతే, ఒక కాటా తెచ్చి పెట్టండి. పిల్లల విభాగం వేరుగా పెట్టండి. ప్రతి జట్టులోనూ పద్దెనిమిదేళ్లలోపు కుర్రాడొకడు కోర్టులో ఉండి తీరాలని పెట్టినా మంచిదే, మరుసటి ఏటి జట్టు అక్కడే తయారవుతుంది. అన్నిటికంటే ముఖ్యం, మొదటి కూత మొదలయ్యాక ఒక్క నియమం కూడా మారకూడదు, దాత అడిగినా సరే. నియమం తప్పని తేలితే వచ్చే ఏటికి మార్చుకుందాం. మధ్యలో మార్చిన మంచి నియమం కంటే చివరిదాకా నిలిచిన మధ్యరకం నియమమే మేలు. ఎందుకంటే ఓడినవాడు ఇంటికి పోతూ తన ఆటను తప్పుపట్టుకుంటాడు, కమిటీని కాదు.

బయటి ఆటగాళ్లు రాకపోతే జనం రారు, పేరున్నవాణ్ని చూడ్డానికే పక్క ఊళ్ల నుంచి ఆటోల్లో వస్తారు అని కమిటీవాళ్లు అంటారు. అందుకే ఇద్దరికి వీలుండాలన్నాను, ఒక్కరూ వద్దనలేదు. పేరున్నవాడి పక్కన ఆడితే మన కుర్రాడు నేర్చుకునేది చాలా ఉంటుంది. కానీ ఏడుగురిలో ఆరుగురు బయటివాళ్లయిన జట్టు కప్పు గెలిచినప్పుడు ఊళ్లో ఊరేగింపు ఎవరిది? ఆ ఊళ్లో పెరిగినవాడు ఒక్కడైనా లేని గెలుపుకు తప్పెట కొట్టేవాడుండడు, మరుసటి ఏడు చందా రాసేవాడూ ఉండడు. ఇంకో మాట కూడా అంటారు, ఇన్ని నియమాలు ఎవరు చూస్తారు, పల్లెల్లో ఇవన్నీ కుదరవు అని. బండలాగుడులో పళ్లు చూసే పని పల్లెవాళ్లే చేస్తున్నారు. ఎంత పెద్ద ఆసామి ఎద్దైనా నాలుగు పళ్లుంటే రెండు పళ్ల విభాగంలోకి రానివ్వరు. ఆ కట్టుబాటు మనకు చేతనైనదే, దాన్ని మనుషుల ఆటకూ తెచ్చుకోవాలంతే.

కొత్త టోర్నమెంట్ పెట్టే ప్రతి కమిటీ కరపత్రం అచ్చుకు పంపేముందు బహుమతి మొత్తాల కింద నాలుగు గీతల జాగా వదలాలని నా విన్నపం. ఆ జాగాలో బయటివాళ్లెందరో, బరువెంతో, జాబితా గడువెప్పుడో, తగవు వస్తే చివరి మాట ఎవరిదో రాయండి. దాతల పేర్ల కంటే పెద్ద అక్షరాల్లో ఉంటే మరీ మంచిది. ఆటకు వచ్చే జనానికి ముందుగా చెప్పాల్సింది ఎంత ఇస్తున్నామన్నది కాదు, ఎలా ఆడిస్తున్నామన్నది.